బోన్‌హోఫర్‌ను చెరసాల ఉత్తరాలతో మొదలుపెట్టకండి

వందనాలు. హిట్లర్‌ను ఎదిరించి ప్రాణాలిచ్చిన జర్మన్ పాస్టర్, వేదాంతి బోన్‌హోఫర్ ఆలోచనను వేదాంత కళాశాల గడప తొక్కని మామూలు విశ్వాసి ఎలా చదవాలి, ఆయన జైలు నుంచి రాసిన ఉత్తరాలతో మొదలుపెట్టవచ్చా అని అడిగారు. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. నేను చేసిన తప్పు అదే.

కడపలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఉత్తరాలు నా చేతికొచ్చాయి. 1944 ఏప్రిల్ 30 నాటి ఉత్తరంలో మతం లేని క్రైస్తవ్యం గురించిన ప్రశ్న కంటపడింది. మిగతాదంతా దానికి తగ్గట్టే చదువుకున్నాను. ప్రార్థనలు, ఆరాధనలు అక్కరలేదని బోన్‌హోఫరే అన్నాడని యువజన కూటంలో గట్టిగా వాదించాను. మా సంఘ పెద్ద ఒకాయన, పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు, అంతా విని అడిగారు: "జైల్లో ఆయన రోజూ ఏం చదివేవాడో చూశావా నాయనా?" ఇంటికి వెళ్లి వెతికాను. ఏళ్ల తరబడి చేస్తున్నట్టే కీర్తనలు ప్రతిరోజూ చదువుతున్నానని 1943 మేలో తల్లిదండ్రులకు రాశాడు. నేను చదవకుండా దాటేసిన పేజీ అది.

ఆ తర్వాత మాస్టారితో కలిసి నలుగురం ఆదివారం మధ్యాహ్నాలు 1937లో వచ్చిన బోన్‌హోఫర్ పుస్తకం పట్టుకున్నాం. ఇంగ్లీషులో దాని పేరుకు 'శిష్యత్వపు వెల' అని అర్థం. జర్మన్‌లో మాత్రం ఒకటే మాట, 'నాఖ్‌ఫోల్గె', అంటే వెంబడించడం. "నన్ను వెంబడించుము" అని మనం చిన్నప్పటి నుంచి విన్న మాటే! సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న లేవి పిలుపు వినగానే లేచి వెళ్లాడు. అతడు ముందే యేసును ఎరుగునా, ఏమి ఆలోచించాడు అన్నది మార్కు చెప్పడు. ఆ చెప్పకపోవడాన్నే బోన్‌హోఫర్ పట్టుకుంటాడు. పిలుపుకూ విధేయతకూ మధ్య ఇంకేమీ లేదంటాడు. అక్కడ మేము మూడు వారాలు ఆగిపోయాం.

మరో చిక్కు 'చవక కృప', అంటే వెంబడించకుండానే దక్కిందనుకునే కృప. కృప ఉచితమే కదా, చవక అంటే తప్పేమిటని నేను పట్టుబట్టాను. మాస్టారు నోటుపుస్తకంలో రెండు మాటలూ పక్కపక్కన రాసి, "ఉచితం ఇచ్చేవాడి మాట, చవక పుచ్చుకున్నవాడి మాట" అన్నారు. బోన్‌హోఫర్ వాదన నాకు అప్పుడు తలకెక్కింది. దేవుడు తన కుమారుణ్ణి ఇచ్చి కొన్నది మనకు చవక కాకూడదంటాడు ఆయన.

తేదీలు పక్కన రాసుకోండి, చాలా మేలు చేస్తాయి. ఆ పుస్తకం అప్పటి జర్మనీలోని ఫింకెన్‌వాల్డె శిక్షణాలయంలో పాస్టర్లు కాబోయేవారికి ఆయన చెప్పిన పాఠాలలోంచి వచ్చింది. (ఆ పని చేపట్టినందువల్లే, గాంధీగారు 1934లో ఆహ్వానించినా మన దేశానికి రాలేకపోయాడు.) 1937లో హిట్లర్ రహస్య పోలీసులైన గెస్టపో ఆ శిక్షణాలయాన్ని మూసివేసింది. 1943 ఏప్రిల్‌లో ఆయన అరెస్టయ్యాడు. ఆయనకూ సంబంధమున్న కుట్రలో భాగంగా 1944 జులై 20న హిట్లర్‌పై జరిగిన హత్యాయత్నం విఫలమైంది. మరునాటి ఉత్తరంలో, ఆ పాత పుస్తకంలోని ప్రమాదాలు ఇప్పుడు కనిపిస్తున్నాయి, అయినా రాసినదానికి కట్టుబడే ఉన్నాను అంటాడు. పుస్తకం చదివి ఆ ఉత్తరానికి వచ్చినవారికే అందులోని బరువు తెలుస్తుంది. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ నాజీ నిర్బంధ శిబిరంలో ఆయనను ఉరితీశారు.

కాబట్టి మొదట ఆ 1937 పుస్తకంలోని కృప, పిలుపు అధ్యాయాలు చదవండి. తర్వాత మత్తయి 5, 6, 7 అధ్యాయాలు తెరిచి పెట్టుకుని కొండమీది ప్రసంగం భాగం, ఆపైన ఉత్తరాలు. వారానికి నాలుగు పేజీలైనా చాలు, ఒంటరిగా మాత్రం వద్దు. మీది ఏ ఊరో రాయలేదు. మాస్టారు ఇప్పుడు లేరు, ఆ నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. కడప వైపు వస్తే చూపిస్తాను.