డ్రాగన్ల యుద్ధం తొమ్మిదేళ్ల వాడికి తగునా?

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబు మాంత్రికులు, డ్రాగన్లు ఉన్న స్ట్రాటజీ గేమ్ అడుగుతున్నాడు. దాని మీద పెగీ 12 (పన్నెండేళ్లు, ఆపై వాళ్లకు తగినదని చెప్పే యూరప్ వయసు రేటింగ్) అని ఉంది. కొనివ్వొచ్చా?

జవాబు: ఆ 12 ఆట ఎంత కష్టమో చెప్పదు, అందులో ఏం కనిపిస్తుందో చెబుతుంది. పక్కనున్న గుర్తులు చూడండి: పిడికిలి ఉంటే హింస, సాలీడు ఉంటే భయం. ట్రైలర్‌ను నమ్మకండి; ఎవరైనా ఆడుతూ తీసిన వీడియోలో ఒక పెద్ద యుద్ధం చూడండి. చచ్చిన సైనికుడు మాయమైపోతాడా, నెత్తురోడుతూ పడి ఉంటాడా? మొదటిదైతే ఫరవాలేదు, మీరు పక్కన కూర్చుంటే. ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసే వంతులవారీ స్ట్రాటజీ ఆటల్లో ఆలోచించే తీరిక ఉంటుంది గానీ, ‘ఇంకొక్క వంతు’ ఓ పట్టాన తెమలదు. అందుకే ముందే వంతులు లెక్కపెట్టి, సేవ్ చేయించి ఆపించండి. అసలు చిక్కు ఆన్‌లైన్‌లో అపరిచితుల మాటలతో. చాట్ ఆపేసి, కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టి, ఒంటరిగా ఆడే కాంపెయిన్ (కథ వెంట సాగే ఆట) మాత్రమే ఇవ్వండి.