కీ వాచీ కొనే ముందు మెకానిక్కుని చూసుకోండి

ఈసారి ఉత్తరాలన్నీ వాచీల మీదే. కిందటి నెల ఈ శీర్షికలో కీ వాచీల గురించి ఓ నాలుగు మాటలు రాస్తే కోనసీమ నుంచీ, అవతల నరసాపురం, భీమవరం వైపు నుంచీ ఇన్ని వస్తాయని అనుకోలేదు. అందరికీ పనికొచ్చేవి తీసి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 27 ఏళ్ళు, ఇంటి దగ్గర నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బ్యాటరీ లేని వాచీలు కొన్ని పోగెయ్యాలని కోరిక, దానికి 20 వేలు పక్కన పెట్టాను. ఫోన్లో చూస్తే హెచ్‌ఎంటీ జనతా, పైలట్ వాచీలు ఎరుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల డయళ్ళతో ‘వాడనివి, కొత్తవి’ అని చాలా చవగ్గా పెడుతున్నారు. ఒకేసారి అయిదారు తీసేసుకోమంటారా?
- ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వద్దండీ. ఒక్కటి కూడా వద్దు, ఇప్పుడే వద్దు. హెచ్‌ఎంటీ బెంగుళూరులో 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో చేతి వాచీలు మొదలుపెట్టింది, ఆ వాచీల కంపెనీని మూసెయ్యడానికి కేంద్ర ప్రభుత్వం 2016 జనవరిలో ఒప్పుకుంది. మరి ఇన్నేళ్ళ తర్వాత ఇన్ని వేల ‘వాడని’ జనతాలు, అవీ ఇన్ని రంగుల్లో, ఇంత చవగ్గా ఎక్కడ్నుంచి వస్తున్నట్టు? పాడైపోయిన వాచీల్లోంచి మిషన్లు తీసి, డయలు మీద పాత రంగు గీకేసి కొత్త రంగు కొట్టి, పైన అక్షరాలు మళ్ళీ అచ్చు వేసి, ఊరూ పేరూ లేని పల్చటి కేసులో బిగించి అమ్ముతున్నారు. నేనూ మొదట్లో అలాంటి పైలట్ ఒకటి కొన్నాను. ఎర్ర డయలు, నిగనిగలాడుతూ ఉంది. పది రోజులకి పెద్ద ముల్లు జారిపోవడం మొదలైంది, మెకానిక్ గారు మూత తీసి చూస్తే లోపల రెండు మూడు వాచీల ముక్కలు కలిపి ఉన్నాయి, ఒక మర బదులు జిగురు పెట్టారు. డబ్బు పోయిందని కాదు గానీ, ఆ ముక్కలన్నీ ఒకప్పుడు ఎవరో ఇష్టంగా పెట్టుకున్న మంచి వాచీలవి, వాటిని అలా చేసినందుకే ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది.

నా మాట వింటే మీరు మొదట వెతకాల్సింది వాచీని కాదు, మెకానిక్కుని. కీ వాచీ అంటే నాలుగైదేళ్ళకోసారి పూర్తిగా విప్పి, కడిగి, నూనె వెయ్యాల్సిన యంత్రం, ఆ పని చేసే మనిషి దగ్గర్లో లేకపోతే మీరు ఎన్ని కొన్నా అవి ఒక్కొక్కటే ఆగిపోయి డబ్బాలో పడుంటాయి. పాలకొల్లు, నరసాపురం, భీమవరం, అమలాపురం, ఏ ఊళ్ళోనైనా పాత బజారులో, మెట్ల కింద అద్దాల బల్ల పెట్టుకుని కంటికి భూతద్దం తగిలించుకున్న పెద్దాయన ఒకరు ఇంకా ఉంటారు. వెళ్ళి కూర్చోండి. ఒక బెల్టు మార్పించుకోండి, మాట కలపండి. ఒక్క ప్రశ్న అడగండి: ‘సర్వీసింగ్ అంటే ఏం చేస్తారండీ?’ మిషను మొత్తం పెట్రోల్లో ముంచి తీసి, ఆరబెట్టి, ఒకే నూనె అన్నిచోట్లా చుక్కలు వేసేస్తాను అంటే ఆ కొట్టులో బెల్టులు మాత్రమే కొనుక్కోండి. ప్రతి చక్రం, ప్రతి మర విడదీసి కడుగుతాను, స్ప్రింగు డబ్బాకి గ్రీజు వేరు, చక్రాల ఇరుసులకి నూనె వేరు, రాళ్ళ దగ్గర, అంటే ఇరుసులు అరక్కుండా వాటి కొసల కింద పెట్టే చిన్న కెంపుల దగ్గర, ఎంత వెయ్యాలో అంతే వేస్తాను అంటే ఆ మనిషిని వదలకండి. మన జిల్లాల్లో ఈ పని తెలిసినవాళ్ళు పెద్దవాళ్ళయిపోతున్నారు, వాళ్ళ పిల్లలు సెల్‌ఫోన్ రిపేర్లలోకి వెళ్ళిపోయారు. మీలాంటి కుర్రాళ్ళు పని తెచ్చిస్తేనే ఆ బల్లలు ఇంకొన్నాళ్ళు ఉంటాయి.

మెకానిక్ దొరికాక మీ ఇంట్లోనే వెతకండి. అల్లుడికి సైకిలూ, రేడియో, వాచీ పెట్టి పెళ్ళి చేసిన కాలం ఎంతో దూరంలో లేదు. మీ నాన్నగారి బీరువాలో, అమ్మమ్మగారింట్లో పెట్టెలో, నగల డబ్బా అడుగున ఆగిపోయిన వాచీ ఒకటి ఉండే ఉంటుంది. హెచ్‌ఎంటీ కావచ్చు, కాస్త ఉన్నవాళ్ళయితే ఫావ్రే లూబానో, వెస్టెండో లాంటి స్విస్ వాచీ కావచ్చు. అది తెచ్చి ఆ పెద్దాయన ముందు పెట్టి, మూత తీసేటప్పుడు పక్కన నిలబడి చూడండి. మీరు కీ ఇస్తే స్ప్రింగు చుట్టుకుంటుంది, ఆ స్ప్రింగు విప్పుకుంటూ చక్రాల్ని తోస్తుంది, ఒక్కసారిగా విప్పుకోకుండా బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ దాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది, ఆ వదిలే చప్పుడే టిక్కు. జనతా అయితే గంటకి 18,000 టిక్కులు, అంటే సెకనుకి 5, రోజుకి 4,32,000. కరెంటు లేదు, సెల్లు లేదు. ఒక్కసారి అది కళ్ళతో చూశాక మీకు ఏ వాచీ కావాలో మీకే తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు.

ఇంట్లో ఏమీ లేకపోతే అప్పుడు కొనండి, ఒక పాత జనతా. 17 రాళ్ళ మిషను, కోట్లలో తయారు చేసిన కంపెనీది కాబట్టి విడిభాగాలు ఇంకా దొరుకుతాయి, మన మెకానిక్కులకి చేతి మీద ఉన్న పని. డయలు కొద్దిగా పసుపెక్కి, అద్దం మీద గీతలుండి, ముళ్ళ దగ్గర చిన్న మచ్చలున్నా పరవాలేదు, వయసుకి తగ్గట్టు ఉందంటే అసలుదని చాలావరకు నమ్మొచ్చు. హిందీ అక్షరాల డయలు జనతా దొరికితే నా మాటగా కొనండి, చాలా అందమైన వాచీ. దాని అద్దం గాజు కాదు, ప్లాస్టిక్కు లాంటిది, గీతలు టూత్‌పేస్టుతో మెల్లగా రుద్దినా చాలావరకు పోతాయి.

రెండోది షోరూములో గ్యారంటీ కార్డుతో ఒక కొత్త ఆటోమేటిక్, అంటే చెయ్యి కదలికకే తనంతట తాను కీ చుట్టుకునేది. సిటిజన్, ఓరియెంట్, సీకో, ఏదైనా ధర చూసుకుని తీసుకోండి. రోజూ పెట్టుకునేది అది. 20 వేలలో ఓ 4 వేలు సర్వీసింగులకి ముట్టుకోకుండా ఉంచండి. ఆ తర్వాత ఒక ఏడాది ఏమీ కొనొద్దు. రెండే పెట్టుకుని తిరగండి. మూడోది ఆ ఏడాది గడిచాక మీకే ఎదురవుతుంది, అప్పటికి మీ కన్ను మారి ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారు 1983లో మస్కట్ వెళ్ళి 1988లో వచ్చేశారండీ. అక్కడ కొనుక్కున్న సీకో 5 వాచీ ఆయన పోయాక నేను దాచుకున్నాను. వెనక మూత మీద 7009 అని ఉంది, ఇంకో నంబరు 42తో మొదలవుతుంది. ఆగిపోయింది, కీ తిప్పినా పట్టదు. ఇక్కడ కొట్టులో చూపిస్తే ‘మిషను పోయిందమ్మా, తీసేసి బ్యాటరీ మిషను పెట్టేస్తాను, ఇంక బాధ ఉండదు’ అన్నారు. పెట్టించమంటారా?
- ఒక సోదరి, రాజోలు

జవాబు: అమ్మా, దయచేసి పెట్టించకండి. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి ఇంకా పెట్టించకుండా ఉంటే చాలు.

7009 అనేది లోపలి మిషను నంబరు. అది ఆటోమేటిక్, 17 రాళ్ళది, చెయ్యి ఊపితే లోపల సగం చక్రంలా ఉండే బరువు తిరిగి స్ప్రింగుని చుడుతుంది. దానికి చేత్తో కీ ఇచ్చే ఏర్పాటే లేదు. మీరు కీ తిప్పితే పట్టకపోవడం జబ్బు కాదు, దాని తీరే అంత. వాచీని చేతిలో అడ్డంగా పట్టుకుని ఓ అరనిమిషం మెల్లగా గుండ్రంగా ఊపి చూడండి. కొద్దిగా నడిచి ఆగిపోతే లోపల నూనె ఎండిపోయిందన్నమాట, సర్వీసింగ్ చేయిస్తే చాలావరకు లేస్తుంది. ఈ మిషను గట్టిది, ముక్కలూ దొరుకుతాయి.

రెండో నంబరు సంగతి. ఆ కాలం సీకోల్లో దాని మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. మీ నాన్నగారు అక్కడున్న ఏళ్ళు చెప్పారు కాబట్టి 4 అంటే 1984, 2 అంటే ఫిబ్రవరి. అంటే ఆ వాచీ తయారైంది ఆయన వెళ్ళిన మరుసటి ఏడు. వారం పేరు ఇంగ్లీషుతో పాటు అరబిక్‌లో కూడా వస్తోందేమో చూడండి, గల్ఫ్ దేశాల్లో అమ్మినవాటిలో అలా ఉండేది. ఉంటే ఆ చక్రం మార్చనివ్వకండి. మన కోనసీమలో ఇంటికొకరు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళే, వాళ్ళ చేతుల మీద వచ్చిన ఇలాంటి సీకోలు, సిటిజన్లు ఎన్నో ఇళ్ళల్లో ఆగిపోయి ఉన్నాయి, వాటిని ఊరూరా తిరిగేవాళ్ళు నూరుకీ రెండొందలకీ ఎత్తుకుపోతున్నారు. అవే రంగులేసుకుని, మనవాళ్ళు ‘ముంబై స్పెషల్’ అనే పేరుతో పిలిచే సరుకుగా తిరిగొస్తాయి.

ఇంకో మెకానిక్‌కి చూపించండి. ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పండి: డయలు కడగొద్దు, కేసు పాలిష్ పట్టొద్దు, మార్చిన ప్రతి ముక్కా నాకు తిరిగివ్వాలి. మూత తీసినప్పుడు ఆ తిరిగే బరువు మీద కూడా 7009 అనే ఉండాలి, ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: నా ఆటోమేటిక్ రోజుకి 20 సెకన్లు ముందుకి పోతోంది. వారంటీలో ఇచ్చెయ్యనా?
- ఒక పాఠకుడు, రామచంద్రపురం

జవాబు: అక్కర్లేదు. మీది ఏ కంపెనీదో రాయలేదు గానీ, ఉదాహరణకి సీకో వాళ్ళ 4ఆర్36 అనే ఆటోమేటిక్ మిషనుకి కంపెనీ ఒప్పుకునే హద్దే రోజుకి 45 సెకన్లు ముందు, 35 సెకన్లు వెనక. క్రోనోమీటర్ అని స్విస్ పరీక్ష నెగ్గిన ఖరీదైన వాటికి 6 ముందు, 4 వెనక. బ్యాటరీ వాచీలో క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, దానితో పోటీ పెట్టకండి. అయితే నిన్నటిదాకా బాగున్న వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాలకి నిమిషాలు పరిగెడితే అది వేరే సంగతి, అయస్కాంతం పట్టిందన్నమాట. స్పీకరు మీదో, అయస్కాంతం మూతున్న ఫోన్ కవరు పక్కనో పెట్టి ఉంటారు, లోపలి వెంట్రుకంత స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మెకానిక్ దగ్గర అది తీసే చిన్న పెట్టె ఉంటుంది, క్షణం పని.

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులున్నాయి. మా నాన్న ఇచ్చిన హెచ్‌ఎంటీ పెట్టుకునే గట్ల మీద తిరుగుతాను. అద్దం లోపల తెల్లగా ఆవిరి పడుతోంది, తోలు బెల్టుకి బూజు. ఎండలో పెడితే పోతుందా?
- ఒక రైతు, భీమవరం దగ్గర

జవాబు: ఎండలో పెట్టకండి, ఆవిరి అద్దం మీద నుంచి పోయి మిషను మీద చేరుతుంది. ఇవాళే మెకానిక్ దగ్గరికి వెళ్ళి మూత తీయించి ఆరబెట్టించండి, వారం ఆగితే మరలు తుప్పు పడతాయి. మీది మామూలు నీరు కూడా కాదు, ఉప్పు కలిసిన నీరు. 1986 ఆగస్టు వరదలో మా ఇంట్లోకి నీళ్ళొచ్చి మా నాన్నగారి వాచీ పెట్టెలోనే మునిగింది, నీళ్ళు తీసేదాకా, ఇల్లు కడుక్కునేదాకా ఎవరికీ దాని సంగతి గుర్తు లేదు. మూడు వారాల తర్వాత తెరిస్తే కీ కడ్డీ కేసుకి అతుక్కుపోయి ఉంది, చక్రాలు ఎర్రగా. అదే రోజు తెరిపించి ఉంటే బతికేది.

పాత హెచ్‌ఎంటీలకి నీటిని ఆపే శక్తి లేదనే అనుకోండి. కొత్త వాచీల మీద 30 మీటర్లు అని ఉన్నా దాని అర్థం చెయ్యి కడుక్కుంటే చినుకులు పడొచ్చు అని మాత్రమే, దానితో గోదాట్లో దిగమని కాదు, ఈతకి 100 మీటర్లదైనా ఉండాలి. చెరువుల మీదకి ఒక బ్యాటరీ వాచీ పెట్టుకోండి, నాన్నగారిది ఊళ్ళోకి, పెళ్ళిళ్ళకి ఉంచండి. మన గాలిలో తోలు బెల్టు నిలవదు, నైలాను గుడ్డ బెల్టు వేసుకుని వారానికోసారి ఉతుక్కోండి. వాచీలు పెట్టే డబ్బాలో మందు బిళ్ళల సీసాల్లో వచ్చే, తేమ పీల్చే సిలికా పొట్లాలు నాలుగు పడేసి మూత గట్టిగా పెట్టండి, వానాకాలంలో నెలకోసారి మార్చండి. ఇక్కడ వాచీని చంపేది వాడకం కాదు, తేమ.

ప్రశ్న: ఇవి కొని దాచుకుంటే ముందు ముందు రేటు పెరుగుతుందా అండీ?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: రేటు కోసమైతే ఇటు రాకండి, ఆ డబ్బు పెట్టి బంగారం కొనుక్కోండి.

ప్రశ్న: రాత్రిపూట వాచీలో తేదీ మార్చకూడదని మా తాతయ్య అంటారు. నిజమేనా? రోజుకి ఎన్నిసార్లు కీ ఇవ్వాలి?
- ఇంటర్ విద్యార్థి, రావులపాలెం

జవాబు: తాతయ్య గారు చెప్పింది నిజమే బాబూ. తేదీ ఉన్న కీ వాచీల్లో, ఆటోమేటిక్కుల్లో సుమారు రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీ చక్రాన్ని లోపలి పళ్ళు పట్టుకుని నెమ్మదిగా తిప్పుతుంటాయి. అప్పుడు నువ్వు బలవంతంగా మారిస్తే ఆ పన్ను విరుగుతుంది. ముళ్ళు కిందకి, 6 దగ్గరకి తిప్పుకుని, తేదీ మార్చి, తర్వాత సరైన టైము పెట్టుకో. కీ రోజుకి ఒక్కసారి, పొద్దున్న లేవగానే, ఒకే వేళకి ఇవ్వు. వాచీ చేతి నుంచి తీసి ఇవ్వాలి, చేతికుండగా ఇస్తే కీ కడ్డీ పక్కకి వంగుతుంది. మెల్లగా తిప్పుతూ పో, గట్టిగా తగిలిన చోట ఆగిపో, ఇంకో సగం చుట్టు కూడా వద్దు. అది ఎక్కడ తగులుతుందో తాతయ్య గారి వేళ్ళకి తెలిసే ఉంటుంది, రేపు పొద్దున్న ఆయన కీ ఇచ్చేటప్పుడు ఒకసారి నీ చేతికిమ్మని అడుగు.