మేనమామ బుట్ట మోస్తారు, మీరు పరీక్ష రాయండి

ప్రశ్న: మేడమ్, నాకు యాభై రెండేళ్ళు. బ్యాంకు ఉద్యోగం నుంచి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని, హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో తెలుగు పీహెచ్‌డీలో చేరాను. 1902లో మొదలైన ‘హిందూసుందరి’ నుంచి 1928లో వచ్చిన ‘గృహలక్ష్మి’ దాకా పాత పత్రికల్లో స్త్రీలు రాసిన వ్యాసాలు నా అంశం. ఇప్పుడు కోర్సువర్కు (పరిశోధనకు ముందు చదవాల్సిన పాఠాలు) సెమిస్టరు చివరికొచ్చింది. పరీక్షలు, ఒక సెమినార్ పత్రం మిగిలాయి. నోటు పుస్తకాలు నిండాయి గానీ పత్రంలో మొదటి వాక్యం పడలేదు. చూడాల్సిన సంచికలు ఇంకా ఉన్నాయనే బెంగ. మూడు గంటలు చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో! తోటి పిల్లలు ‘ఆంటీ’ అంటారు. మా గైడు నాకంటే పదేళ్ళు చిన్నావిడ. సరిగ్గా పరీక్షల వారంలోనే మా ఆడపడుచు కూతురి పెళ్ళి. ‘పెద్దకోడలివి, నువ్వు లేకపోతే ఎలా? అయినా ఈ వయసులో నీకు పరీక్షలేమిటి?’ అంటున్నారు. ఈ సెమిస్టరు వదిలేసి వచ్చే ఏడు రాయనా? పత్రం మా వీధిలోని డీటీపీ సెంటర్లో టైపు చేయిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: వదిలేయకండి. వచ్చే ఏడు ఇంకెవరి పెళ్ళో వస్తుంది. మన విశ్వవిద్యాలయాల పరీక్షలకూ పంచాంగానికీ పాత పొత్తు ఉంది. ఒక సెమిస్టరు కార్తీక మార్గశిరాల్లో ముగుస్తుంది, ఇంకొకటి వైశాఖ జ్యేష్ఠాల్లో. ముహూర్తాలు లేని నెల చూసుకుని పరీక్ష రాయాలంటే మీకు ఆషాఢమే గతి.

ఆడపడుచుతో మీరే మాట్లాడండి, మీ వారి చేత కబురు పంపకండి. పరీక్షల తేదీలు చెప్పి, ‘ముహూర్తానికి వస్తాను, తలంబ్రాలు చూస్తాను, భోజనం చేసి వెళ్ళిపోతాను’ అనండి. అంతకు ముందు ప్రదానానికీ, ఆ తర్వాత సారె సర్దడానికీ మీరు ఉండరు. పెళ్ళికూతురిని బుట్టలో తెచ్చేది మేనమామ, అంటే మీ వారు. ఆ పనికి మీ సాయం అక్కర్లేదు. అలకలుంటే పదహారు రోజుల పండుగ నాటికి మీరు ఖాళీగా ఉంటారు కాబట్టి అప్పుడు తీర్చుకోవచ్చు. ‘ఈ వయసులో’ అన్న మాటకు జవాబు చెప్పకండి. చెప్పడం మొదలుపెడితే పరీక్ష రోజు దాకా సాగుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట పెళ్ళి గురించి కాదు, ‘మొదటి వాక్యం పడలేదు’ అన్నది. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినంతకాలం నేను చూసింది ఇదే: పెద్ద వయసులో వచ్చినవాళ్ళు అందరికంటే ఎక్కువ చదువుతారు, అందరికంటే ఆలస్యంగా రాస్తారు. కుర్రవాళ్ళు రెండు వ్యాసాలు చదివి పది పేజీలు రాసేస్తారు. ఆ ధైర్యం కొంత మీకూ కావాలి. బ్యాంకులో లెక్క పైసాతో సహా సరిపోయేదాకా మీరు ఇంటికి వెళ్ళి ఉండరు. పరిశోధనలో ఆ లెక్క ఏనాటికీ సరిపోదు. కనిపించని సంచిక ఎప్పుడూ ఒకటి మిగిలే ఉంటుంది. పాత పత్రికలు దాచిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచి అక్కడే ఉంది, మీ సెమినార్ అయ్యాక కూడా ఉంటుంది.

ఒక సంచిక తీసుకోండి. అందులో ఒకే ఒక వ్యాసం. రాసినావిడ ఎవరిని ఉద్దేశించి రాసింది, ఎవరితో వాదిస్తోంది, ఎక్కడ నెమ్మదిగా మాట మార్చింది, దాని పక్క పేజీలో ఏ ప్రకటన ఉంది? సెమినార్ పత్రానికి ఇంతకంటే అక్కర్లేదు. మిగిలినదంతా సిద్ధాంత గ్రంథానికి దాచుకోండి. దానికి వ్యవధి ఉంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు కోర్సువర్కుతో కలిపి 6 ఏళ్ళు. ఆపైన పునర్నమోదు ఉంది, స్త్రీలకు అదనంగా మరో 2 ఏళ్ళ వెసులుబాటూ ఉంది. కోర్సువర్కు గట్టెక్కాలంటే 55 శాతం మార్కులు చాలు. మీరు నూటికి తొంభై కోసం చదువుతున్నారని నా అనుమానం.

చేతి సంగతి నిజంగా పట్టించుకోవాల్సిందే. ఏళ్ళ తరబడి సంతకాలు తప్ప రాయని చెయ్యి గంట తిరగకముందే బొటనవేలి మొదట్లో పట్టేస్తుంది. రేపటి నుంచి పొద్దున్నే ఒక ప్రశ్న తీసుకుని గంటసేపు ఆపకుండా రాయండి. నొక్కి రాయాల్సిన పెన్ను పక్కన పెట్టి, సాఫీగా జారే జెల్ పెన్నులు రెండు మూడు కొనుక్కోండి. రెండు చూపుల కళ్ళద్దాలైతే మూడు గంటలు తల పైకెత్తి కిందికి చూడటంతోనే మెడ పోతుంది. చదివే అద్దాలు వేరుగా తీసుకెళ్ళండి.

డీటీపీ సెంటరు మాత్రం వద్దు. అక్కడ చాలామంది ఇప్పటికీ ‘అను’ అనే పాత ఫాంట్లలోనే కొడతారు. కాగితం మీద ముత్యాల్లా ఉంటాయి గానీ, లోపల అవి తెలుగు అక్షరాలుగా నమోదు కావు. రచనల పోలికలు చూసే సాఫ్ట్‌వేర్‌కు అందులో తెలుగే కనబడదు. రేపు సిద్ధాంత గ్రంథం ఇచ్చేటప్పుడు మొత్తం మళ్ళీ మార్పించుకోవాలి, మార్చినప్పుడల్లా ఒత్తులు చెదిరిపోతాయి. ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లో మీరే టైపు చేయండి. పోలికల గురించి కూడా ఒక మాట: గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు, మూలం చెప్పి ఉటంకించిన భాగాన్ని లెక్కలోకి తీసుకోరు. కాబట్టి పాత పత్రికలోంచి ఎత్తి రాసిన ప్రతి వాక్యానికీ ఉటంకింపు గుర్తులు, సంచిక నెల, పేజీ ఇప్పుడే వేసుకోండి. నోటు పుస్తకంలో ఏది ఆవిడ వాక్యమో ఏది మీ వాక్యమో ఆరు నెలల తర్వాత మీకే తెలియదు.

గైడును ‘మేడమ్’ అనండి, ఆవిడా మిమ్మల్ని ‘మేడమ్’ అనే అంటుంది. అక్కడితో వరస తేలిపోతుంది. ఆవిడ ఎర్రసిరా పెట్టినప్పుడు మాత్రం మేనేజరు గొంతు బయటికి రానివ్వకండి.

‘ఆంటీ’ని పట్టించుకోకండి. పరీక్షల ముందు మీ నోట్సు కోసం వచ్చేది ఆ పిల్లలే. ఇవ్వండి, ఊరికే కాదు. యూనికోడ్ కీబోర్డు నేర్పిస్తేనే పుస్తకం ఇస్తానని బేరం పెట్టండి.