ఎస్‌డీజీలు మా పంచాయతీ ప్లాన్‌లోకి ఎలా వస్తాయి?

ఎస్‌డీజీలంటే ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు, వాటిని అలాగే తెచ్చి సర్పంచ్ ముందు పెడితే ఏం చేసుకుంటారు, అందుకే కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వాటిని 9 థీమ్‌లుగా కుదించింది, పేదరికం లేని ఊరు, నీళ్లకి లోటు లేని ఊరు, పిల్లలకి అనుకూలమైన ఊరు, ఇలాగన్నమాట. గ్రామసభలో థీమ్ ఎంచుకుని సంకల్పం చేస్తారు, దాన్నిబట్టి ఏటా జీపీడీపీ, అంటే గ్రామపంచాయతీ అభివృద్ధి ప్లాన్ రాసి కేంద్రం పెట్టిన ఈగ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కిస్తారు.

డబ్బు సంగతికొస్తే 15వ ఆర్థిక సంఘం సిఫార్సుతో 2021-26 కాలానికి కేంద్రం పంచాయతీలకిచ్చిన గ్రాంట్‌లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే పెట్టాలన్నది నియమం, మిగతా 40 ఊరి అవసరాన్నిబట్టి. నా లెక్కలో అసలు చిక్కు ఇక్కడే, ఎవరూ అడక్కపోతే ఊరి అవసరాలకని ఉన్న డబ్బంతా సీసీ రోడ్డుకే పోతుంది. కాబట్టి మీరు గ్రామసభకి వెళ్లి అంగన్‌వాడీలో బరువు తక్కువున్న పిల్లలు ఎంతమందో అందరిముందూ చెప్పమనండి, ఆ సంఖ్య ప్లాన్‌లో రాయించండి, దానికి పైసా ఖర్చు లేదు.