వెట్టికి చాకిరి తోడెందుకు?

సందేహం: కాకతీయుల కాలపు భూస్వామ్యంపై వ్యాసంలో ‘వెట్టిచాకిరి’ అని రాశాను. రెండు మాటలకూ అర్థం ఒకటే కనుక పునరుక్తి అని మా అధ్యాపకులు కొట్టివేశారు. ఇది దోషమేనా? – ఒక పాఠకురాలు, జనగామ

సమాధానం: పునరుక్తి అనడం తొందరపాటే. చాకిరి పారసీకపు ‘చాకర్’ నుంచి వచ్చింది. కొలువు చేయడమని దాని అర్థం, దానికి జీతమూ ఉండవచ్చు. వెట్టికి జీతమూ లేదు, కాదనే వీలూ లేదు.

అసలు ముచ్చట వెట్టిది. విష్ణువు వెన్నుడైన దారిలోనే, జీతం లేని నిర్బంధపు పని అనే అర్థమున్న సంస్కృతపు ‘విష్టి’ వెట్టి అయిందని నా నమ్మకం. చోళుల తమిళ శాసనాల్లోనూ ‘వెట్టి’ ఉన్నది కనుక ఇది ద్రావిడ పదమేనని ఎవరైనా వాదిస్తే పూర్తిగా తోసిపుచ్చను. సంస్కృత నిఘంటువు అమరకోశాన్ని కూర్చిన అమరసింహుడు ‘విష్టి’ని ఏ వర్గంలో చేర్చాడో చూశారా? నరకవర్గంలో! దాని వెంటనే యాతనకు పర్యాయపదాలు చెప్పాడు. గుజరాత్‌లోని సుదర్శన తటాకపు కట్ట తెగినప్పుడు పన్నులతో, విష్టితో, ‘ప్రణయం’తో జనాన్ని పీడించకుండానే దాన్ని మళ్లీ కట్టించానని శకరాజు రుద్రదాముడు గిర్నారు శాసనంలో గొప్పగా చెప్పుకొన్నాడు. (ఇక్కడి ప్రణయం ప్రేమ కాదు, ప్రేమ పేరిట గుంజుకొనే కానుక.) పల్లవరాజు శివస్కందవర్మ హీరహడగళ్లి రాగిరేకుల్లోని ప్రాకృతంలో ఈ మాట ‘వేట్ఠి’గా కనిపిస్తుంది. బ్రాహ్మణులకిచ్చిన భూమికి వెట్టి లేదనీ, అక్కడి ఉప్పు, బెల్లం, ఎద్దులు, గడ్డి, కట్టెలు, కూరాకులు, పూలు రాజోద్యోగులు పట్టుకుపోరాదనీ ఆ శాసనం వరుసగా ఏకరువు పెడుతుంది. ఆ పట్టీని తిరగేసి చదివితే, మినహాయింపుకు నోచుకోని పక్క ఊరి కాపు (రైతు) ఏమేమి సమర్పించుకొనేవాడో తెలిసిపోతుంది. భూమి చేతికి వచ్చిందంటే దాని బరువూ వెంట వచ్చిందన్నమాటే; ఆ బరువుల్లో ఒకటి వెట్టి.

గ్రామ సేవకుణ్ణి ‘వెట్టి’ అనడం, అతనికి మాన్యం ఇవ్వడం తర్వాతి కాలపు సంగతి. నెలజీతం పుచ్చుకొంటూ, ఆదివారం ఒక పూట పని పడగానే ‘వెట్టిచాకిరి చేయిస్తున్నారు’ అని వాపోయే నేటి ఉద్యోగులు మాత్రం ఒకసారి నిఘంటువు తిరగేస్తే బాగుంటుంది.

ఇక మీ వ్యాసం మాటకొస్తే, కాకతీయుల కాలానికి పారసీక పదం అంతగా నప్పదు కనుక ఒంటి ‘వెట్టి’ చాలునేమో. నిజాం నాటి దొరల గడీల ముచ్చటైతే ‘వెట్టిచాకిరి’నే ఉంచమని మీ అధ్యాపకులతో నేనే చెబుదును.