కీ ఇవ్వక్కర్లేని సుడిగాలి

ప్రశ్న: దానంతట అదే కీ తిరిగే టూర్బియాన్ చేతి గడియారం మొదట ఎవరు చేశారు?

జవాబు: ఫ్రెంచిలో టూర్బియాన్ అంటే సుడిగాలి. జేబు గడియారం రోజంతా నిలువుగా ఉండటంవల్ల, భూమ్యాకర్షణ దాని బ్యాలెన్స్ చక్రంపై (అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని కొలిచే చక్రం) ఒకే దిశలో ప్రభావం చూపి సమయాన్ని తప్పిస్తుందని గమనించిన గడియారాల నిపుణుడు అబ్రహాం లూయీ బ్రెగే, ఆ చక్రాన్నీ, స్ప్రింగు శక్తిని విడతలుగా వదిలే ఎస్కేప్‌మెంట్‌నూ ఒక చిన్న పంజరంలో అమర్చి, పంజరాన్నే తిప్పుతూ ఆ తేడాలు ఒకదానినొకటి సరిచేసుకునేలా చేసి, 1801లో పారిస్‌లో పేటెంటు పొందాడు. ఆ తిరిగే పంజరమే టూర్బియాన్. చేయి ఎటూ కదులుతూనే ఉంటుంది కనుక చేతి గడియారంలో దీని అవసరం తక్కువేనన్నది నా అభిప్రాయం. అందం మాత్రం కాదనలేనిది.

ఇక మీరడిగినది, స్విట్జర్లాండ్‌కు చెందిన ఓడెమార్ పిగే సంస్థ 1986లో విడుదల చేసిన 2870 కాలిబర్ (యంత్రం నమూనా) గడియారం. మందం దాదాపు 5 మిల్లీమీటర్లే. వెనుక మూతనే యంత్రానికి పీఠంగా వాడుకోవడంవల్ల అంత పలుచదనం సాధ్యమైంది. టైటానియం పంజరం వ్యాసం 7.2 మిల్లీమీటర్లు, అంటే మన చొక్కా గుండీ కంటే చిన్నది. గుండ్రంగా తిరిగే రోటర్‌కు చోటు లేక, చేయి ఊగినప్పుడల్లా అటూ ఇటూ ఊగి స్ప్రింగును బిగించే బరువైన చిన్న సుత్తిని అమర్చారు. డయల్ అడుగున ఉన్న కిటికీలోంచి ఆ సుత్తి కనిపిస్తుంది.