ఇంటి పనికి పిల్లలు సాయం చేస్తే తప్పేంటి? బీడీల ఇంట్లో పెరిగిన నా జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "అమెరికాలో కొన్ని రాష్ట్రాలు బాలకార్మిక చట్టాలను సడలిస్తున్నాయి. మన దేశంలో 2016లోనే కుటుంబ వృత్తులకు మినహాయింపు ఇచ్చారు. పేద ఇళ్లలో పిల్లలు బడి అయ్యాక అమ్మానాన్నలకు సాయం చేస్తే తప్పేంటి? నిషేధం కన్నా సడలింపే పేదవాళ్లకు మేలు కదా?"

మేలు కాదనే నేను చెబుతాను. నేను నిజామాబాద్ జిల్లాలో బీడీలు చేసే ఇంట్లో పుట్టి పెరిగాను. ఇప్పుడు ప్రభుత్వ బడిలో టీచర్ని. మీరన్న సాయం ఎలా ఉంటుందో చిన్నప్పుడు నా చేతులతో చేశాను, ఇప్పుడు పొద్దున్నే క్లాసులో తూగే పిల్లల్లో చూస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. ఆ సవరణలో మంచి చాలానే ఉంది. అంతకుముందు జాబితాలో ఉన్న కొన్ని పనులకే నిషేధం. సవరణ తర్వాత పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. 14 నుంచి 18 ఏళ్ల మధ్య వాళ్లను గనుల్లో, మండే, పేలే పదార్థాల దగ్గర, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇదంతా చట్టాన్ని బిగించడమే. వదులు చేసింది రెండు చోట్ల. ఒకటి సినిమాలు, సీరియళ్లు, ప్రకటనలు, ఆటలు. రెండోది ఇల్లు. బడి వేళలు అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని పనుల్లో కుటుంబానికో కుటుంబ వృత్తికో పిల్లలు సాయం చేయవచ్చన్నారు. కుటుంబం అంటే అమ్మానాన్నలు, తోబుట్టువులే అనుకునేరు. మేనత్త, మేనమామ, చిన్నాన్న, పెదనాన్న, పిన్ని, పెద్దమ్మ అందరూ అందులోకే వస్తారు. పట్నంలో గాజుల కార్ఖానాలో దొరికిన పిల్లవాడు "ఈయన మా మామ" అంటే, కాదని ఎవరు తేల్చాలి?

ఇక మా ఇల్లు. బీడీ కంపెనీ తరఫున పని పంచే ఠేకేదారు తునికాకు, తంబాకు (పొగాకు) తూకం వేసి ఇచ్చేవాడు. దానికి లెక్క ప్రకారం ఇన్ని వేల బీడీలు తిరిగి అప్పజెప్పాలి. కూలి వెయ్యి బీడీలకింత అని. రాత్రి ఆకు తడిపి గుడ్డలో చుట్టి పెట్టేవాళ్లం. తెల్లారి రేకు ముక్క కొలత పెట్టి కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం అమ్మ పని. బీడీల కొసలు మడిచి మూతులు మూయడం, కట్టలు కట్టడం పిల్లల పని. మూతి మూయడానికి సన్నని వేళ్లే బాగుంటాయని అందరూ అనేవాళ్లు. కార్ఖానా పుస్తకంలో ఉన్నది అమ్మ పేరు ఒక్కటే. ఆ బీడీలు మాత్రం అమ్మ, అక్క, నేను, మా తమ్ముడు కలిసి చేసినవి.

మమ్మల్ని ఎవరూ పనిలో పెట్టుకోలేదు. ఇది గమనించండి, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. వెయ్యికింత అనే లెక్కలో గంటలుండవు. అమ్మ ఒక్కతే కూర్చుంటే ఇల్లు గడిచేంత సంఖ్య రాదు. వచ్చేలా రేటు పెట్టాల్సిన అవసరం పని ఇచ్చేవాడికి లేదు, ఎందుకంటే ఆ లోటు పిల్లలు పూడుస్తారని అతనికి తెలుసు. ఆకు పాడైనా, మూతి సరిగ్గా పడకపోయినా ఆ బీడీలు పక్కన పారేసేవాడు, వాటికి కూలి లేదు. ఠేకేదారు నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనాల్సిన పని పడలేదు, ఆ మాటలన్నీ మా అమ్మే అనేది. "ఇంకో రెండు కట్టలు మూసి పోవే బిడ్డా, బడికి ఇంకా యాళ్ల కాలే" అనేది. మా అమ్మ చెడ్డది కాదు. రోజంతా వంగి కూర్చుని నడుము పట్టేసిన మనిషి. ఆమె చేత నా మీద అజమాయిషీ చేయించింది ఆ రేటు.

అక్క ఏడో తరగతితో ఆగిపోయింది. బడి మానిపించాలని ఇంట్లో ఎవరూ తీర్మానం చేయలేదు. పండగ ముందు ఒక వారం ఆగింది, అమ్మకు జ్వరం వస్తే ఇంకొంత కాలం ఆగింది, తర్వాత పాఠాలు అందలేదు, వెళ్లాలంటే సిగ్గుపడింది. మా వైపు ఆ రోజుల్లో సంబంధాలు చూసేటప్పుడు పిల్ల బీడీలు చేస్తదా, రోజుకు ఎన్ని చేస్తది అని అడిగేవాళ్లు. అక్క మంచి పనిమంతురాలని పేరు తెచ్చుకుంది. ఆమె లెక్కల్లో నాకన్నా చురుకు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

చట్టం మా గడప దగ్గర ఒక్కసారి కాదు, మూడుసార్లు ఆగింది. 1966లో బీడీ, చుట్ట కార్మికుల కోసం వచ్చిన చట్టం పరిశ్రమ ఆవరణలో పిల్లలు పనిచేయకూడదంది. కానీ ఆ ఆవరణ నిర్వచనంలోంచి నివాస గృహాన్ని తీసేసింది. 1986 చట్టం బీడీల తయారీని నిషిద్ధ జాబితాలో చేర్చింది. ఆ వెంటనే, యజమాని తన కుటుంబం సాయంతో నడుపుకునే చోటికి ఆ నిషేధం వర్తించదంది. మళ్లీ 2016లో కుటుంబ వృత్తి అనే మాట. యాభై ఏళ్లలో మూడు చట్టాలు గడప దాకా వచ్చినా మా ఇంట్లోకి మాత్రం ఏదీ తొంగి చూడలేదు.

2017లో వచ్చిన నిబంధనలు దీన్ని కొంత సరిదిద్దబోయాయి. సాయం రోజుకు మూడు గంటలు మించకూడదు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా చేయించకూడదు. కుటుంబానికి డబ్బు తెచ్చిపెట్టే తయారీ, సరఫరా, అమ్మకాల్లో ఏ దశలోనూ ఆ సాయం ఉండకూడదు. ఇంట్లో కూడా పిల్లలు ముట్టకూడని పనుల జాబితా పెంచారు. చదివితే బాగానే ఉంది. ఆచరణలో చూడండి. బీడీలు చేసే ఇంట్లో పిల్లల చేతులు ఎక్కువగా కావాల్సింది ఆ రాత్రి ఏడు తర్వాత, పొద్దున ఎనిమిది లోపే. ఆ వేళ ఎవరింటి తలుపు ఏ అధికారి తడతాడు? తట్టినా చాట పక్కకు జరిపి పుస్తకం ముందు పెట్టడానికి ఎంతసేపు? బయటి మనిషి చూసి తేల్చగలిగిన గీత అయితేనే చట్టం పనిచేస్తుంది. పద్నాలుగేళ్లలోపు పిల్ల పని దగ్గర ఉందా లేదా అన్నది చూసి చెప్పొచ్చు. మూడు గంటలు చేసిందా అయిదు గంటలు చేసిందా, సాయమా కూలా అన్నది ఆ ఇంటివాళ్లు తప్ప ఎవరూ చెప్పలేరు. వాళ్లు చెప్పరు, చెప్పలేరు.

సినిమా పిల్లల విషయంలో ఇదే ప్రభుత్వం ఏం చేసిందో చూస్తే తేడా తెలుస్తుంది. బాలనటుల్ని పెట్టుకోవాలంటే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి, రోజుకు అయిదు గంటలు దాటకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున బ్యాంకులో వేయాలి. ఇవి ఎంత బాగా అమలవుతున్నాయన్నది వేరే మాట, కనీసం అడగడానికి ఒక కాగితం ఉంది. బీడీ మూతులు మూసే పిల్లకు ఆ కాగితం కూడా లేదు.

అమెరికా సంగతి అడిగారు కాబట్టి: అక్కడి వార్తల్లో నన్ను ఆపింది ఆర్కన్సా. 2023లో ఆ రాష్ట్రం పదహారేళ్లలోపు పిల్లలు పనిలో చేరేందుకు కావాల్సిన అనుమతి పత్రాన్ని ఎత్తేసింది. వయసు రుజువు, తల్లిదండ్రుల సమ్మతి అన్నీ ఆ పత్రంలోనే ఉండేవి. అదే ఏడాది అయోవా అనే ఇంకో రాష్ట్రం 14, 15 ఏళ్ల వాళ్లు బడి రోజుల్లో రాత్రి తొమ్మిది దాకా పనిచేయవచ్చంది. 1938 నాటి వాళ్ల జాతీయ చట్టం కింద ఆ గీత ఏడు గంటల దగ్గరే ఉంది. దేశం వేరు, పేదరికం వేరు. సడలించిన తీరు మాత్రం నాకు బాగా తెలిసినదే. పిల్లల్ని నేరుగా పనిలోకి పొమ్మని ఎవరూ అనరు, చూసేవాళ్లకు ఆధారంగా ఉన్నదాన్ని తీసేస్తారు.

మీ వైపు నుంచి రెండు వాదాలు తరచూ వింటాను. ఒకటి, పిల్లలు కులవృత్తులు, చేతి పనులు నేర్చుకోకపోతే అవి అంతరించిపోతాయని. మగ్గం దగ్గర నాన్న పక్కన కూర్చుని రంగులు గుర్తుపట్టడం నేర్చుకునే పిల్ల మీద నాకే అభ్యంతరమూ లేదు. నేర్చుకునే పనికి ఒక గుర్తు ఉంటుంది: రోజురోజుకూ కొత్తది వస్తుంది, తప్పు చేస్తే చెప్పేవాళ్లుంటారు. బీడీ మూతి మూయడం ఒక్క పూటలో వస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి చేసినా అదే మూత. తంబాకు దుమ్ము, ఆ ఘాటు నిద్రపోయే గదిలో కూడా ఉండటం, దగ్గు ఇవి మాత్రం రోజూ కొత్తగానే ఉంటాయి. ఏ వృత్తినైనా బతికించాలనుకుంటే అది పెద్దవాళ్లకు అన్నం పెట్టేలా చేయాలి. పిల్లల వేళ్ల మీద నిలబడ్డ వృత్తి అప్పటికే కూలిపోయినట్టు.

రెండో వాదం ఆకలి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. తమ్ముణ్ని, నన్ను హాస్టల్లో వేసినప్పుడు ఇంట్లో వారం కూలి తగ్గింది. అమ్మ అప్పు చేసింది. ఆ కష్టం నిజం. కానీ పేదవాళ్లు పిల్లల్ని బడికి పంపలేరు అనే మాట మన దగ్గరే తప్పని తేలింది. రంగారెడ్డి జిల్లాలో 1990ల్లో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ శాంతా సిన్హా ఆధ్వర్యంలో పనిచేసినప్పుడు వాళ్లు పట్టుకున్న సూత్రం ఒక్కటే: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. పొలంలో ఉందా, ఇంట్లో ఉందా, కూలి వచ్చిందా రాలేదా అనే ప్రశ్నలు వాళ్లు పెట్టుకోలేదు. వెట్టిలో ఉన్న పిల్లల్ని కూడా శిబిరాల్లో చదివించి వాళ్ల వయసుకు తగిన తరగతుల్లో చేర్పించారు. పంపినవాళ్లు ఆ పేద తల్లిదండ్రులే. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ మొదటి అధ్యక్షురాలు అయ్యారు. పల్లెల్లో పనిచేసేవాళ్లు ఆ సూత్రాన్ని ఎందుకు పట్టుకున్నారో టీచర్‌గా నాకు అర్థమవుతుంది. బడికొచ్చిందా లేదా అన్నది ఎవరైనా చూడగలరు.

జనగణన ప్రకారం 5 నుంచి 14 ఏళ్లలోపు పనిచేసే పిల్లలు 2001లో సుమారు 1.26 కోట్లు, 2011లో సుమారు 1.01 కోట్లు. తగ్గింది, సంతోషమే. కానీ పొద్దున బడికొచ్చి రాత్రి కట్టలు కట్టే పిల్లను లెక్క రాయడానికి వచ్చినవాళ్లకు ఏ తల్లి అయినా "చదువుకుంటోంది" అనే చెబుతుంది. అది అబద్ధం కూడా కాదు.

నన్నడిగితే కుటుంబ మినహాయింపును సొంత ఇంటి పనికి, సొంత చేనులో చిన్న సాయానికి కుదించాలి. బయటివాడు ముడిసరుకు ఇచ్చి, లెక్క పెట్టి తీసుకెళ్లే ఏ పనీ కుటుంబ వృత్తి కాదని చట్టంలోనే, సూటిగా రాయాలి. అలాంటి ఇంట్లో పిల్లలు పనిచేస్తూ కనబడితే జవాబు చెప్పాల్సింది తల్లి కాకుండా సరుకు ఇచ్చినవాడు అవ్వాలి. వెయ్యి బీడీల రేటు ఒక్క మనిషి ఎనిమిది గంటల్లో చేయగలిగినదాన్ని బట్టి కట్టాలి. ఈ చివరిది జరిగితే మిగతా సగం దానంతటదే సర్దుకుంటుందని నా నమ్మకం.

ఇప్పుడున్న నిబంధనల్లోనే ఒకటి టీచర్లకు, తల్లిదండ్రులకు పనికొస్తుంది. చెప్పకుండా 30 రోజులు వరసగా రాని పిల్లల సంగతి హెడ్మాస్టరు బాలకార్మిక చట్టం అమలు చూసే నోడల్ అధికారికి తెలపాలి. ముప్పై రోజులంటే మా అక్కలాంటి పిల్లకు చాలా ఆలస్యం. నేను మూడో రోజుకే ఇంటికి వెళ్తాను. వెళ్లినప్పుడు పిల్లను మందలించను, తల్లిని నిలదీయను. ఆ వారం ఎన్ని వేలు అప్పజెప్పాలో, ఆకు ఎంత తక్కువ పడిందో, ఎవరికి ఒంట్లో బాగాలేదో అడుగుతాను. సగం సార్లు చిక్కు అక్కడే తెలుస్తుంది, హాస్టల్ సీటుకో, రేషన్ కాగితానికో తిరిగితే తీరేదిగా ఉంటుంది. మీ ఊళ్లో బడి మానేసిన పిల్ల ఎవరైనా ఉంటే మీరూ అలాగే మొదలుపెట్టండి. పిల్లకు దెబ్బలో, ప్రమాదమో ఉందనిపిస్తే మాత్రం ఆగకుండా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.